ముక్కుకు అలవాటైన వాసన

మా అమ్మాయి హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన రోజు, గుడివాడ స్టేషన్ బయట కారెక్కుతూనే ముక్కు చిట్లించింది. "అమ్మా, ఏంటీ పెట్రోలు వాసన?" అంది. నాకేమీ రావడం లేదు. "ఇందాకే బంకులో కొట్టించాను, అదేలే" అన్నాను. ఇల్లు చేరేదాకా అది అద్దం పూర్తిగా దించుకునే కూర్చుంది.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఇరవై ఆరేళ్లుగా జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. ల్యాబులో హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేసే రోజున ప్రతి ఏడాదీ పిల్లలకు ఒకే మాట చెబుతాను. లోపలికి అడుగుపెట్టగానే కుళ్లిన కోడిగుడ్ల కంపు కొడుతుంది, కాసేపయ్యాక ఏమీ అనిపించదు, దానర్థం గ్యాసు పోయిందని కాదు, మీ ముక్కు అలసిపోయిందని, కాబట్టి వాసన తగ్గిందని కిటికీలు మూయకండి అని. ఆ మాట ఏటా చెప్పే నేను ఎన్ని నెలలుగా పెట్రోలు ఆవిరి పీలుస్తూ కారు నడిపానో ఆలోచిస్తే ఒళ్లు జలదరించింది. పక్క సీట్లో మా అత్తగారిని కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజులు కూడా గుర్తొచ్చాయి.

తెల్లవారుజామున లేచి, బయట గాలిలో కాసేపు నిలబడి, అప్పుడు షెడ్డు తలుపు తీశాను. వచ్చింది. సన్నగా, కాస్త తియ్యగా, ముందు చక్రాల వైపు కొంచెం గట్టిగా. కారు కింద నేల మీద మచ్చేమీ లేదు. పెట్రోలుతో వచ్చిన చిక్కే అది. నూనె కారితే మరక పడుతుంది, నీళ్లు కారితే మడుగు కడుతుంది. పెట్రోలు చెమ్మలా ఊరితే నేలకు చేరేలోపే ఆవిరైపోతుంది.

మా కారు 2004 నాటి మారుతి 800. నాన్నగారు రిటైరైన డబ్బుతో కొన్నారు. ఆయన పోయాక నేను నడుపుతున్నాను. ఆ మోడల్ 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఆగిపోయింది. హైదరాబాదులాంటి పదమూడు నగరాల్లోనైతే 2010 ఏప్రిల్లో కొత్త కాలుష్య నిబంధనలు రాగానే అమ్మకాలు నిలిపేశారు. అయినా మా వైపు రోడ్ల మీద ఇంకా కనబడుతూనే ఉంటుంది. మా కారు వెనక ఎంపీఎఫ్‌ఐ అన్న నాలుగక్షరాలుంటాయి. చాలామంది వాటిని చూసి మైలేజీ గురించి అనుకుంటారు. ఈ వ్యాసానికంతటికీ మూలం ఆ నాలుగక్షరాల్లోనే ఉంది.

2000 సంవత్సరానికి ముందు కార్లలో ఎక్కువ వాటికి కార్బ్యురేటర్ ఉండేది. అందులో ఇంజన్ పీల్చుకునే గాలే పెట్రోలును లాక్కుంటుంది. ట్యాంకు నుంచి పైకి తెచ్చే చిన్న పంపు పెద్దగా శ్రమపడక్కర్లేదు. ఆ గొట్టంలో ఒత్తిడి మూడు నుంచి అయిదు పీఎస్‌ఐ, అంతే. ఎంపీఎఫ్‌ఐ అంటే ఇంజెక్షన్ కారు. అందులో కథ వేరు. ట్యాంకులోనే కరెంటు పంపు మునిగి ఉంటుంది. అది పెట్రోలును ఇంజన్ దాకా నెట్టి, ప్రతి సిలిండరు ముందూ ఉన్న ఇంజెక్టర్ అనే సన్నని ముక్కులోంచి పొగమంచులా చిమ్మేంత ఒత్తిడి పుట్టిస్తుంది. మా కారులాంటి వాటిలో అది రమారమి 35 నుంచి 45 పీఎస్‌ఐ. ఈ అంకె ఎంతో తెలియాలంటే మీ టైర్లు గుర్తు తెచ్చుకోండి. చిన్న కారు టైర్లో గాలి 26, 28 పట్టిస్తాం. అంటే మీ కాళ్ల ముందు, వేడెక్కిన ఇంజన్ పక్కన, వేలంత లావు రబ్బరు గొట్టంలో టైరులో ఉన్నదానికంటే ఎక్కువ ఒత్తిడితో పెట్రోలు పరుగెడుతోంది.

కార్బ్యురేటర్ కారులో గొట్టం పగిలితే పెట్రోలు కారుతుంది. ఇంజెక్షన్ కారులో సూదిమొనంత చిల్లు పడితే చిమ్ముతుంది. పైగా ఇంజన్ తిరిగినంతసేపూ పంపు ఆగదు. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల పట్టుకుని పాకుతుంది, గుంట దొరికితే అందులో నిలుస్తుంది. గాలిలో 1.4 శాతం కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా మండగలిగేంత ఆవిరినిచ్చే ద్రవం అది. మన కృష్ణా జిల్లా మే నెల ఎండల్లో బానెట్ కింద ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ట్యాంకు నుంచి ఇంజన్ దాకా మొత్తం రబ్బరే ఉండదు. కారు అడుగున పొడవునా ఇనప పైపులుంటాయి. ఆ పైపులకు రెండు కొసల్లో రబ్బరు గొట్టాలు అతికిస్తారు. ఇంజన్ అదురుతుంటుంది, బాడీ అదరదు. మధ్యలో వంగే వస్తువు లేకపోతే ఇనుము విరుగుతుంది. అందుకే రబ్బరు. ఇంజనుకు పెట్రోలు తెచ్చేది ఒకటి, మిగిలిన పెట్రోలును వెనక్కి ట్యాంకుకు తీసుకెళ్లేది ఒకటి, ట్యాంకులో ఆవిరిని, దాన్ని పీల్చి పట్టి ఉంచే బొగ్గు డబ్బాకు చేర్చేది ఒకటి. వీటికి తోడు ఫిల్టరుకు అటూ ఇటూ ముక్కలు. అన్నీ కలిపి చాచి కొలిస్తే రెండు మీటర్లు దాటదు. ఇంజన్ ఆయిల్ మారుస్తాం, బ్రేకులు మారుస్తాం, బ్యాటరీ మూడేళ్లకోసారి మారుస్తాం. ఈ రెండు మీటర్ల గొట్టాన్ని మాత్రం ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

ఆ ఉదయం టార్చి వేసి చూస్తే ఇంజన్ వెనక, ఇనప పైపు మీద గొట్టం ఎక్కినచోట రబ్బరు నల్లగా తళతళలాడుతోంది. మిగతా గొట్టమంతా దుమ్ము పట్టి బూడిద రంగులో ఉంది. తడిసి ఆరి, తడిసి ఆరి దుమ్ము కడుక్కుపోయిన మెరుపు అది. క్లిప్పు కింద రబ్బరు వత్తుకుపోయి బయటికి ఉబ్బింది. వంపు తిరిగిన చోట, బయటి వైపున, అడ్డంగా సన్నని గీతలు. ఎండిన చెరువు నేలను దూరం నుంచి చూసినట్టు. వేలితో నొక్కాను. పాత చెప్పు మడమను నొక్కినట్టే ఉంది, లొంగలేదు. వేళ్ల కొసలు వాసన చూసుకున్నాను. ఇక కారు కదపలేదు.

ఇంకో సంగతి కూడా కనబడింది. ఆ గొట్టం కారుతో వచ్చింది కాదు. మూడేళ్ల కిందట ఫిల్టరు మార్పించినప్పుడు ఒక వర్క్‌షాపులో దాన్ని వేశారు. బిల్లు మీద "పెట్రోల్ పైపు" అని మాత్రమే ఉంది. గొట్టం మీది అక్షరాలు తుడిచి చదివితే అది ఆర్7 రకం, అంటే కార్బ్యురేటర్ కార్లకు, ఆవిరి గొట్టాలకు వాడేది. వేసినవాళ్లు మోసం చేశారని నేననుకోను. చూడటానికి రెండూ ఒకటే నలుపు, ఒకటే లావు, పక్కపక్కనే వేలాడుతుంటాయి. తేడా ఆ అచ్చు అక్షరాల్లోనే ఉంది, వాటిని చదవాలని ఎవరూ వాళ్లకు నేర్పలేదు. కానీ మూడేళ్లు నా ఇంటివాళ్లను అందులో కూర్చోబెట్టి తిప్పాను కాబట్టి నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

రబ్బరు ఎందుకు ముసలిదవుతుందో చెప్పడం నాకు ఇష్టమైన పని. పెట్రోలు గొట్టాలకు మామూలుగా వాడేది నైట్రైల్ రబ్బరు. బ్యూటాడైన్, అక్రిలోనైట్రైల్ అనే రెండింటిని గొలుసులుగా అల్లితే వచ్చేది. మొదటిది సాగే గుణమిస్తుంది, రెండోది పెట్రోలును తట్టుకునే గుణమిస్తుంది. గొలుసుల మధ్య అక్కడక్కడా గంధకంతో వేసిన ముళ్లుంటాయి. రబ్బరు మెత్తగా ఉండటానికి ఒక రకం నూనె కూడా కలుపుతారు. పెట్రోలు రోజూ పారుతూ ఆ నూనెను కొంచెం కొంచెంగా కడిగేస్తుంది. ఇంజన్ వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు గొలుసుల మధ్య కొత్త ముళ్లు పడతాయి. ముళ్లు పెరిగేకొద్దీ సాగే గుణం చస్తుంది. బయటి నుంచి గాలిలోని ఓజోన్ వచ్చి, సాగి ఉన్న చోట్ల గొలుసును తెంపుతుంది. అందుకే పగుళ్లు ఎప్పుడూ వంపుల మీద, సాగిన దిశకు అడ్డంగా వస్తాయి. నేను చూసిన గీతలు అవే.

ఇంజెక్షన్ కార్లలో ఇంకో తిప్పలుంది. పంపు ఇంజనుకు కావలసినదానికంటే ఎక్కువ పెట్రోలును పంపుతుంది, మిగిలింది వెనక్కి ట్యాంకుకు పోతుంది. అదే పెట్రోలు వేడి ఇంజన్ పక్కకు వచ్చి, తిరిగి వెళ్లి, మళ్లీ వచ్చి, ఆ తిరుగుడులో ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సైడ్లు పుట్టిస్తుంది. ఇలా చెడిన పెట్రోలు నైట్రైల్ రబ్బరును లోపలి నుంచి తింటుంది. ఇంజెక్షన్ కార్లు పెరిగాక కంపెనీలు ఈ దెబ్బ గమనించి, గొట్టం లోపల ఫ్లోరోరబ్బరు పొర వేయడం మొదలుపెట్టాయి. ఫ్లోరిన్‌కూ కార్బన్‌కూ మధ్య బంధం మా సబ్జెక్టులో చాలా గట్టి బంధాల్లో ఒకటి. దాన్ని పెట్రోలు, పెరాక్సైడ్లు అంత తేలిగ్గా కదిలించలేవు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న, ఇథనాల్. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును ప్రధానమంత్రి ప్రారంభించారు. రెండేళ్లు తిరిగేసరికి మన బంకుల్లో అదే మామూలు పెట్రోలైంది. ఆల్కహాలు ఒక్కటే అయితే నైట్రైల్ రబ్బరు ఓ మాదిరిగా ఉబ్బుతుంది, పెట్రోలు ఒక్కటే అయినా అంతే. రెండూ కలిస్తే విడివిడిగా ఉబ్బేదానికంటే ఎక్కువ ఉబ్బుతుంది. పాత కార్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు ముందుగా మార్చుకోవాల్సి రావచ్చని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖ కూడా చెప్పింది. అయితే మా గొట్టం పాడైపోవడాన్ని మొత్తం ఇథనాల్ నెత్తిన రుద్దడం నాకు నచ్చదు. ఎండ, ఇంజన్ వేడి, తప్పు రకం గొట్టం, అన్నిటికీ వాటా ఉంది. ఇథనాల్ గడువును దగ్గరికి లాగింది, అంతవరకే.

కారును కదపకూడదనుకున్నాను కాబట్టి గొట్టాల కోసం బస్సులో విజయవాడ వెళ్లాను. ఆటోనగర్లో ఒక పెద్దాయన ఉన్నాడు. నాన్నగారి కాలం నుంచి మా బండి తెలిసినవాడు. నాన్నగారు ఆయన్ను "బాబాయ్" అనేవారు, నేనూ అలాగే పిలుస్తాను. ఇప్పుడు కొడుకు పని చేస్తాడు, ఆయన స్టూలు మీద కూర్చుని చూస్తాడు. ఫోనులో తీసిన ఫొటో చూపించగానే కళ్లజోడు పెట్టుకుని, "అమ్మా, దీంతో గుడివాడ నుంచి ఇక్కడికి రాలేదు కదా?" అన్నాడు. రాలేదన్నాక గానీ టీ చెప్పలేదు.

గొట్టం కొనడానికి ఆయనే నాతో నడిచి వచ్చాడు. మొదటి షాపులో పెట్రోల్ పైపు అనగానే చుట్టలోంచి కత్తిరించబోయారు. బాబాయ్ కుర్రాడి చేయి పట్టుకుని ఆపి, గొట్టాన్ని వెలుతురులోకి తిప్పి అక్షరాలు చదివాడు. అమెరికాలోని ఎస్‌ఏఈ అనే ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం పెట్టిన కొలమానం ప్రకారం మీరు వెతకాల్సిన అచ్చు ఎస్‌ఏఈ జె30 ఆర్9. జె30 అన్నది పెట్రోలు గొట్టాల ప్రమాణం, ఆ వెనక వచ్చే ఆర్ అంకె రకం. ఆర్6, ఆర్7 తక్కువ ఒత్తిడికి. ఆర్7 కి 50 పీఎస్‌ఐ దాకా చెబుతారు కాబట్టి మన 40 కి సరిపోతుందిగా అని ఎవరైనా వాదించవచ్చు. ఆ 50 కొత్త గొట్టానికి రాసిన అంకె. పైగా ఆ రకం గొట్టానికి లోపల ఫ్లోరోరబ్బరు పొర ఉండదు. ఆర్9 కి 100 పీఎస్‌ఐ, ఆ పొరా ఉంటుంది. గొట్టం మీద ఇంజెక్షన్ అని రాసి ఉన్నా సరే ఆర్9 అన్న అక్షరాలు చూడందే కొనకండి. అసలు ఏ అచ్చూ లేని గొట్టం ఉచితంగా ఇచ్చినా వద్దు.

రెండో షాపులో దొరికింది. లోపలి వ్యాసం ఎనిమిది మిల్లీమీటర్లది ఒకటి, ఆరుది ఒకటి. ధర విని నేను ఒక్క క్షణం ఆగాను. మామూలు దానికి మూడు నాలుగు రెట్లుంది. కానీ కావలసింది రెండు మీటర్లు. అన్నీ కలిపి ఒక టైరు ఖరీదు కూడా కాలేదు. కొలత దగ్గర ఒక హెచ్చరిక. ఎనిమిది లేదు తొమ్మిది ఉంది, క్లిప్పు బిగిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వదులు గొట్టాన్ని క్లిప్పుతో నొక్కితే ఎక్కడో ఒకచోట మడత పడుతుంది, ఆ మడతే కాలువవుతుంది. బాగా వంపు తిరిగే చోటికి తిన్నని గొట్టాన్ని వంచి పెట్టకూడదు, మడతపడి దారి మూసుకుంటుంది. అలాంటి చోటికి ఆ వంపులోనే పోతపోసిన కంపెనీ గొట్టం వస్తుంది, అదే తెప్పించుకోవాలి. ఇటీవలి కార్లలో చాలావాటికి ప్లాస్టిక్ పైపులు, టక్కున పట్టే లాకులు ఉంటాయి. వాటిని కోసి మధ్యలో రబ్బరు ముక్క దూర్చే పని ఎవరినీ చేయనివ్వకండి.

తర్వాత క్లిప్పులు. గొట్టం మంచిది తెచ్చి క్లిప్పు దగ్గర పిసినారితనం చేసేవాళ్లే ఎక్కువ. నీళ్ల పైపులకు వాడే మామూలు క్లిప్పుకు పట్టీ పొడవునా చీలికలుంటాయి. స్క్రూ పళ్లు ఆ చీలికల్లో పడి పట్టీని లాగుతాయి. బిగించేకొద్దీ రబ్బరు ఆ చీలికల్లోకి ఉబ్బి, అంచులకు కోసుకుపోతుంది. మా పాత గొట్టం మీద ఆ కోతలు వరసగా, దువ్వెన పళ్ల అచ్చులా పడి ఉన్నాయి. ఇంజెక్షన్ క్లిప్పుకు పట్టీ లోపలి వైపు నున్నగా ఉంటుంది, అంచులు పైకి మడిచి ఉంటాయి, చిన్న నట్టు బోల్టుతో చుట్టూ సమానంగా బిగుస్తుంది. బాబాయ్ ఒకటి నా అరచేతిలో పెట్టి అంచు మీద వేలు రాయమన్నాడు. "పట్టుకోవాలమ్మా, కొరక్కూడదు" అన్నాడు.

పని మా షెడ్డు ముందు, ఆరుబయట జరిగింది. బాబాయ్ కొడుకు ఆదివారం సామాను తీసుకుని మోటారు సైకిలు మీద వచ్చాడు. వాళ్ల షాపులో కారు కింద నిలబడి పనిచేసే గొయ్యి ఉంది కదా, బండిని లాగించుకుని అక్కడికే తీసుకెళ్దామా అని ముందు అడిగాను. పెట్రోలు పని గొయ్యి మీద చేయకూడదన్నాడు. ఆవిరి బరువైనదని, గుంటలో నిలుస్తుందని పాఠం చెప్పేదాన్ని నేను. ఆ పాఠాన్ని ఆచరణలో పెట్టినవాడు అతను.

ఇంజన్ రాత్రంతా చల్లారి ఉంది. ముందు ట్యాంకు మూత తీసి లోపలి ఆవిరి ఒత్తిడి వదిలాడు. తర్వాత పెట్రోలు పంపుకు కరెంటిచ్చే రిలే పీకి, సెల్ఫ్ కొట్టాడు. గొట్టాల్లో మిగిలిన పెట్రోలుతో ఇంజన్ కాసేపు తిరిగి తనంతట తాను ఆగిపోయింది. మళ్లీ రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టాడు. గొట్టంలో ఒత్తిడి దిగేది అలాగే. ఈ ఒక్క పని చేయకుండా క్లిప్పు విప్పితే 40 పీఎస్‌ఐ పెట్రోలు కళ్లలోకి కొడుతుంది. ఆ తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి పక్కకు కట్టాడు. పౌడరు నింపిన మంటలార్పే సిలిండరు నేను కాలేజీ ల్యాబు నుంచి అనుమతి తీసుకుని తెచ్చి పక్కన పెట్టాను. వేడెక్కే పాత బల్బు లైటు బదులు ఎల్‌ఈడీ టార్చి. నేను నూలు చీరే కట్టుకున్నాను, నైలాన్ బట్టలు రాసుకుంటే పుట్టే నిప్పురవ్వ కూడా చాలు కాబట్టి.

పాత గొట్టం లాగితే రాలేదు. ఇన్నేళ్ల వేడికి ఇనుముకు అతుక్కుపోయింది. ఇక్కడ తొందరపడి కటింగ్ ప్లయరుతో పట్టి పీకితే పైపు వంగిపోతుంది. అతను గొట్టాన్ని ముందు అటూ ఇటూ మెలిపెట్టాడు. కదలకపోతే బ్లేడుతో పొడవునా చీల్చాడు, అదీ సగం లోతుకే, మిగతాది వేళ్లతో విప్పాడు. బ్లేడు ఇనుముకు తగిలి గీత పడితే కొత్త గొట్టం కింద ఆ గీత వెంటే పెట్రోలు ఊరుతుంది. పైపు కొసన చిన్న ఉబ్బు గీతలా ఉంటుంది, గొట్టం జారిపోకుండా ఆపేది అదే. దాన్ని గుడ్డతో తుడిచి, తుప్పు ఉందేమోనని టార్చి వేసి చుట్టూ చూశాడు. ఉంటే గొట్టం మార్చి లాభం లేదు, పైపూ మార్చాల్సిందే.

గొట్టం కోసిన తీరు నాకు నచ్చింది. ఆక్సా బ్లేడుతో కాదు, కొత్త బ్లేడుతో ఒకే కోతలో, వాలు లేకుండా అడ్డంగా. ఆక్సా బ్లేడు రబ్బరు పొడిని లోపల వదులుతుంది, ఆ పొడి పోయి ఇంజెక్టర్ సన్నని రంధ్రంలో కూర్చుంటుంది. పొడవు పాతదానికంటే ఒక వేలెడు ఎక్కువ ఉంచాడు. ఇంజన్ ఊగినప్పుడు లాగుడు పడకూడదు. గొట్టాన్ని పైపు మీదికి అంగుళం పైనే నెట్టి, క్లిప్పును ఆ ఉబ్బు గీతకు వెనక, గొట్టం చివరకు కొంచెం ఇవతల పెట్టి బిగించాడు. ఉబ్బు గీత మీదే బిగిస్తే రబ్బరు తెగుతుంది, చివరి అంచున బిగిస్తే జారుతుంది. పొగ గొట్టానికి దగ్గరగా పోయే చోట పక్కకు తప్పించి బాడీకి కట్టాడు.

ఒకేసారి అన్నీ విప్పలేదు. ఒకటి విప్పి, ఒకటి పెట్టి, తర్వాతిదానికి పోయాడు. వచ్చేదీ పోయేదీ తారుమారైతే బండి స్టార్టవదు. వెనక సీటు కింద ట్యాంకు దగ్గరి ముక్కలు కూడా మార్చాం. ముందువి మార్చి వెనకవి వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. కనబడేవి ముందువే కాబట్టి మనసు అక్కడికే పోతుంది. ఫిల్టరు కొత్తదే వేశాం, గొట్టాలు విప్పాక పాతది తిరిగి పెట్టడం దండగ.

అంతా బిగించాక రిలే పెట్టి, బ్యాటరీ తీగ తగిలించి, తాళం తిప్పాడు. సెల్ఫ్ కొట్టలేదు. వెనక నుంచి పంపు రెండు మూడు సెకన్లు గుర్రుమని ఆగింది. మళ్లీ తిప్పి ఆపాడు. నాలుగోసారికి గొట్టం వేళ్లకు గట్టిగా తగిలింది, లోపల ఒత్తిడి నిండింది. అప్పుడు ఒక్కో క్లిప్పు చుట్టూ తెల్ల కాగితం ముక్క తిప్పి చూశాడు. తడి అంటలేదు. ఇంజన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు తిరగనిచ్చి మళ్లీ కాగితం. ఆపి, వేడి మీద మళ్లీ కాగితం. ఇలా ఎవరు చేస్తారని అడిగితే నాన్న చేస్తాడని చెప్పాడు.

తీసిన గొట్టాన్ని పారేయనివ్వలేదు నేను. పొడవునా చీల్చి తెరిచి చూస్తే లోపలి గోడ మీద మట్టి కుండ పగుళ్లలాంటి వల, ఒకచోట పగులు మధ్యలోంచి అల్లిక దారం తెల్లగా కనబడింది. గొట్టానికి బలమిచ్చే అల్లిక అది. పెట్రోలు దాన్ని చేరిందంటే ఆపడానికి ఇక మిగిలింది పలచని పై తొడుగే. బయటి నుంచి చూసినప్పుడు ఆ చోట ఒక్క గీత కూడా లేదు. పైకి బాగానే ఉందిగా అని గొట్టాన్ని వదిలేసేవాళ్లకు చూపించడానికి ఆ ముక్కను ఇప్పటికీ ఉంచాను.

కాలేజీ తెరిచాక సెకండియర్ పిల్లలతో ఒక పని చేయించాను. బిరడా సీసాలు రెండు తీసుకుని, పొగలు లాగే ఫ్యాను అల్మరాలో, బంకు పెట్రోలు పోశాం. ఒకదాంట్లో రేడియేటరు నీళ్ల గొట్టం ముక్క, ఒకదాంట్లో ఆర్7 గొట్టం కొత్త ముక్క. నీళ్ల గొట్టం వేరే రకం రబ్బరు, వేడి నీళ్లను చక్కగా తట్టుకుంటుంది, పెట్రోలుకు అస్సలు పనికిరాదు. మూడో రోజుకే ఉబ్బి మెత్తబడింది. మొదటి రోజు మామూలుగానే లోపలికి జారిన ముక్క, వారానికి సీసా మూతిలోంచి బయటికి రాలేదు. ఆర్7 ముక్క కొద్దిగానే ఉబ్బింది, కానీ పెట్రోలు పలచని టీ రంగుకు తిరిగింది. రబ్బరును మెత్తగా ఉంచే నూనె అలా కరిగి బయటికి వచ్చింది. ఎండబెట్టాక ఆ ముక్క ముందుకంటే గట్టిపడింది. ఏడాదిపాటు ఎండలో వదిలేసిన కారు గొట్టాలు పగలడానికి ఒక కారణం అదే.

ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, మంచి గొట్టం ముక్క కూడా వేసి చూడొచ్చుగా?" అని. మంచి ప్రశ్న. ఆర్9 గొట్టానికి ఫ్లోరోరబ్బరు పొర లోపలే ఉంటుంది. బయటి తొడుగు వేడికి, ఎండకు చేసింది, పెట్రోలులో మునగడానికి కాదు. ముంచితే బయటి వైపు చెడుతుంది. ట్యాంకు లోపల పంపుకు తగిలించే చిన్న గొట్టం లోపలా బయటా పెట్రోలులోనే నానుతుంది కాబట్టి దానికి ఆర్10 అని వేరే రకం ఉంది. ట్యాంకు లోపలి గొట్టం తెగిందని ఆర్9 వేయించుకుంటే కొన్నాళ్లకు పంపు తిరుగుతున్నా ఇంజనుకు పెట్రోలు అందక బండి దారిలో ఆగుతుంది.

వారం తర్వాత క్లిప్పులు ఒకసారి సరిచూశాం. కొత్త రబ్బరు వేడికి సర్దుకుంటుంది కాబట్టి రెండింటికి పావు చుట్టు బిగింపు పట్టింది. బానెట్ లోపలి వైపు చిన్న స్టిక్కరు మీద మార్చిన తేదీ, ఆర్9 అన్న మాట రాసి అంటించాను. అయిదేళ్లకు మళ్లీ మార్పిస్తాను, అప్పటికి బాగానే కనబడుతున్నా సరే. మా అమ్మాయి హాస్టలుకు తిరిగి వెళ్లే ముందు కారెక్కి అద్దాలన్నీ మూసి, కాసేపు కదలకుండా కూర్చుని, ఏమీ లేదని తలూపింది. వచ్చినప్పుడల్లా అలా చూడమని చెప్పాను. రోజూ ఎక్కే నా ముక్కు మీద నాకిప్పుడు నమ్మకం లేదు.

నిన్న సాయంత్రం ఎదురింటి మాస్టారు తమ పాత జెన్ కారు బానెట్ తెరిపించుకున్నారు. అదీ ఎంపీఎఫ్‌ఐ బండే. గొట్టాల మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. వంపు దగ్గర నొక్కితే లొంగడం లేదు, క్లిప్పులు చీలికల రకం. వాసన రావడం లేదన్నారాయన. నేను మా అత్తగారిని పిలిచాను. ఆవిడ చీర చెంగు ముక్కు మీంచి తీసి ఒక్కసారి వంగి చూసి, వస్తోందన్నారు. బాబాయ్ కొడుకు ఈ ఆదివారం ఖాళీయేనట. బండి అప్పటిదాకా అక్కడే ఉంటుంది.